జనపనార వల ఉయ్యాల

ఇది రాసిపెట్టడానికి మొదటి కారణం మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు. నేను ఇప్పుడు రాయగడలో కుర్చీకి అతుక్కుపోయిన గుమస్తాని. అడవిలో క్యాంపులు చేసే వయసు వాళ్ళది. చెట్ల మధ్య కట్టుకుని పడుకోవడానికి ఏ రకం ఉయ్యాల మంచిదని ఒక మధ్యాహ్నం నన్ను అడిగారు. జనపనారతో అల్లిన వెడల్పాటి వల అన్నాను. నవ్వారు. గట్టి కేన్వాసు దొరుకుతూంటే చేపల వల ఎవరికి కావాలన్నారు. ఎందుకు కావాలో టీ తాగేంతసేపట్లో చెప్పడం నాకు చేతకాలేదు.

రెండో కారణం మా అమ్మ. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఈ కథ ఆవిడే చెప్పేది. మా మావయ్య ఇంట్లో ఇంకోలా చెబుతారు. అమ్మ పోయాక మా ఇంట్లో దీన్ని మొదటినుంచి చివరిదాకా చెప్పేవాళ్ళు లేరు. ఊపిరి సరిగా ఆడని మనిషి ఉన్న ఇల్లు మాదొక్కటే కాదు కదా. ఎవరికైనా పనికిరావచ్చు.

నేను పెద్ద చదువు చదవలేదు. కోరాపుట్ ఒరిస్సాలో కలిసిన ఏడాది నేను ఇంకా బడిలో ఉన్నాను. సాలూరు నుంచి ఎస్టేటు పనిమీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన మా నాన్న ఆ తర్వాత కొద్దికాలానికే పోయారు. దాంతో బడి ఆగిపోయింది. మిగిలిన చదువంతా కోరాపుట్‌లో తెలుగువాళ్ళు కలిసి నడుపుకున్న చిన్న గ్రంథాలయంలోనే. రేకుల కప్పు, ఒక పొడుగాటి బల్ల, తలుపులు సరిగా పడని బీరువాలు. నేను చెదలు పట్టిన పుస్తకాలు ముందు చదివేవాణ్ణి. మంచివి ఎక్కడికీ పోవు, ఇవి వచ్చే వానాకాలానికి ఉండవు. అందుచేత నాకు తెలిసిన విషయాల్లో చాలావాటికి మధ్యలో చిల్లులున్నాయి. అయినా తెలిసిందాని గురించి నాకు గర్వమే. తెలుగు చదివాను, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు చదివాను, ఒడియా బజార్లో నేర్చుకుని ఆ తర్వాత పుస్తకంలో సరిచూసుకున్నాను.

ఉయ్యాలలో పెద్దవాళ్ళు కూడా పడుకుంటారని నాకు తెలిసింది అక్కడే. అట్టలు ఊడిన ఒక ఇంగ్లీషు సంపుటంలో ఓడల్లో నావికులు కేన్వాసు ఉయ్యాలల్లో పడుకుంటారని, సముద్రాల అవతల కొన్ని వేడి దేశాల్లో ఇళ్ళకి ఇళ్ళే మంచాలు లేకుండా వలల్లో నిద్రపోతాయని ఉంది. ఆ వలల్లో జనం తిన్నగా కాక ఏటవాలుగా పడుకుంటారని కూడా ఒక వాక్యం ఉంది. చదివాను, గుర్తుంచుకున్నాను, అర్థం చేసుకోలేదు. ఉయ్యాలలో అడ్డదిడ్డంగా పడుకుంటే కిందపడరూ అనుకుని పేజీ తిప్పేశాను.

యుద్ధం అయిపోయిన కొన్నేళ్ళకి నాకు రోడ్డు సర్వేలో క్యాంపు గుమస్తా పని దొరికింది. వానలు తగ్గాక బయల్దేరి, మళ్ళీ మబ్బులు పట్టేదాకా కొండల్లోనే ఉండాలి. నేల చెమ్మ, తేళ్ళు, తెల్లారేసరికి పక్కలో చీమలు. విశాఖపట్నం వెళ్ళినప్పుడు పాత సామాన్ల బజార్లో మిలటరీవాళ్ళు వదిలేసిన ఒక కేన్వాసు ఉయ్యాల కనిపించింది. ఆకుపచ్చ రంగు, అంచుల్లో తాడు దూర్చే ఇత్తడి కళ్ళు, మోకుల్లాంటి తాళ్ళు. పుస్తకంలో బొమ్మ లేచి వచ్చినట్టుంది. కొన్నాను. అందులో నేను హాయిగా పడుకున్నాను. రెండు వైపులా గుడ్డ పైకి లేచి గోడల్లా నిలుస్తుంది, గాలి తగలదు, చదువుతూ నిద్రపోతే పుస్తకం జారి బురదలో పడదు. ఆ రోజుల్లో ఎవరైనా నన్ను అడిగి ఉంటే నేనూ కేన్వాసనే చెప్పేవాణ్ణి.

తర్వాత నాకు పెళ్ళైంది. అమ్మాయి మా అమ్మకి స్వయానా అన్నగారి కూతురు. బొబ్బిలి నుంచి ఘాటీ ఎక్కి కోరాపుట్ వచ్చింది. ఆమెకి చిన్నప్పటినుంచీ ఉబ్బసం ఉంది. కింద ఉక్కపోతకి ఎప్పుడో ఒకసారి వచ్చేది, ఇక్కడి చలికి తరచుగా రావడం మొదలైంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు. దిండ్లు ఎత్తుగా పెడితే నిద్రలో జారిపోతుంది, జారగానే దగ్గుతో లేస్తుంది. చివరికి గోడకి పరుపుచుట్ట ఆనించి కూర్చునే నిద్రపోవడం అలవాటు చేసుకుంది. నేను క్యాంపులో ఉంటే రాత్రంతా మా అమ్మ ఆమె పక్కనే కూర్చునేది. ఇద్దరూ పగలు కళ్ళు ఎర్రగా చేసుకుని వంట చేసుకునేవారు.

సగం కూర్చుని సగం పడుకున్నట్టు ఉండే పడక ఒకటే నాకు తెలుసు. సెలవుకి వచ్చినప్పుడు కేన్వాసు ఉయ్యాలని మా క్వార్టరులో దూలానికి కట్టి ఆమెని పడుకోమన్నాను. కాసేపటికే లేచి కూర్చుంది.

"పైనుంచి ఎవరో మూత పెడుతున్నట్టుందండి" అంది.

"రెండు పక్కలూ మూసుకుపోతంటే మరేటవుద్ది?" అంది మా అమ్మ. "మనిసిని సిక్కుడుకాయ సేసేవు. దీన్ని నువ్వే పట్టుకెళ్ళు, నీకు గింజ అవ్వడం ఇష్టం కదా."

మర్నాడు అమ్మే తన పాత నేతచీర రెండు మడతలు వేసి, పిల్లలకి కట్టినట్టు, అదే దూలానికి కట్టింది. "నిన్ను పెంచింది ఇందులోనే" అంది. అది మెత్తగా ఉంది, మా ఆవిడ కొన్నాళ్ళు బాగానే పడుకుంది. కానీ చీర తెల్లారేలోగా సాగిపోతుంది. మధ్యలో గుంట పడి మనిషి అరటిపండులా వంగిపోతుంది. గడ్డం గుండెలకి ఆనుకుంటుంది, మళ్ళీ ఊపిరి బిగుస్తుంది. పైగా ఖాళీ ఉయ్యాల ఊగకూడదని అమ్మకి పట్టింపు. ఆమె లేవగానే గాలికి కూడా కదలకుండా చీరని ముడేసి దూలం మీదకి విసిరేసేది. సాయంత్రం ఆ ముడి విప్పడమే ఒక పని.

మా మావయ్య, అంటే మా ఆవిడ తండ్రి, చూసిపోదామని వచ్చింది ఆ రోజుల్లోనే. బొబ్బిలిలో ఆయనకి ధాన్యం కొట్టు ఉంది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆయన ఉన్న రెండు రోజులూ కూతురు సరిగా నిద్రపోలేదు. వెళ్ళేముందు బయట అరుగు మీద నన్ను కూర్చోబెట్టాడు.

"తప్పు పట్టకు అల్లుడూ. ఇది నీ తప్పు కాదు, కొండ తప్పు. కింద డాక్టరు కూడా అదే సెప్పేడు. శివరాత్రి ఎల్లేక వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే పిల్లని తీసుకుపోతాను. నీకు కింద ఉద్యోగం దొరికిన్నాడు నువ్వే వద్దువుగాని."

నాకు కింద ఉద్యోగం ఎక్కడినుంచి వస్తుంది? నాకు తెలిసిందల్లా ఈ కొండలు, ఈ ఆఫీసు. తలుపు వెనకనుంచి విన్న మా ఆవిడ, ఆయన బస్సు సెమిలిగుడ వైపు వెళ్ళిపోయాక, "ఓసారి దిగితే మరి ఎక్కనివ్వరు నన్ను" అని మాత్రం అంది. మా అమ్మ దూలం మీది చీర ముడి విప్పడానికి లేచింది. అటు అన్నగారు, ఇటు మేము. ఆవిడ ఎవరి వైపని అంటుంది?

ఆ ఏడు సంక్రాంతి వెళ్ళాక మా సర్వే టికిరి అవతల డొరగుడ దగ్గరికి మారింది. చాలా నెలలు ఒకేచోట డేరాలు వెయ్యాలి కాబట్టి ఇంటివాళ్ళని తెచ్చుకోవచ్చని ఇంజనీరుగారు ఒప్పుకున్నారు. ఆ మాట వినగానే అమ్మ సామాన్లు కట్టడం మొదలుపెట్టింది. "ఏ కష్టవైనా ముగ్గురం ఒక్క సోట పడదాం" అంది.

బయల్దేరేముందు ఆఫీసు పనిమీద రాయగడ వెళ్ళాను. నాగావళి ఒడ్డున వలలు అల్లే ఒక పెద్దాయన దగ్గర ఆగాను. కేన్వాసు మూసుకుపోయింది, చీర సాగిపోయింది. మూసుకుపోనిది, సాగనిది కావాలి. పుస్తకంలో చదివిన వలలు గుర్తొచ్చాయి. మనిషి పొడుగున, బారన్నర వెడల్పున, లావాటి జనపనార పురికొసతో వల కావాలన్నాను. వెడల్పు ఎందుకంటే ఆ పుస్తకంలో అవి చాలా వెడల్పుగా ఉంటాయని ఉంది. అంతకుమించి నాకూ కారణం తెలియదు.

ఆయన పురికొస వేళ్ళమధ్య నలిపి చూస్తూ, "ఇంత ఎడల్పా? మొసలిని పడతారేటి బాబూ?" అన్నాడు.

"మా ఇంటావిడ పడుకోడానికి."

"అయితే ఆవిడ సెయ్యి ఎంత లావుంటాదో సెప్పండి."

"చెయ్యి దేనికి?"

"కన్ను ఎంత పెట్టాలో తెలవాలి కదా. మోసెయ్యి దూరిపోతే ఆవిడ తిట్టేది మిమ్మల్ని కాదు, నన్ను."

నా చెయ్యి చూపించి ఇందులో సగం అన్నాను. తిరుగు ప్రయాణానికి వల సిద్ధంగా ఉంది. మడిస్తే చిన్న గంపలో పట్టింది. కొత్త జనుము వాసన వేస్తోంది.

క్యాంపులో దాన్ని కట్టడానికి చోటు వెతికినప్పుడు అసలు చిక్కు తెలిసింది. సరైన దూరంలో, సరైన బలంతో ఉన్నవి రెండే పనస చెట్లు. ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన. దక్షిణపు చెట్టు వెనకే ఊట, ఊట పక్కనే క్యాంపు వంటపాక. మిగతావి వాగు అవతల ఊరివాళ్ళు పువ్వు ఏరుకునే ఇప్పచెట్లు. వాటికి మోకులు కట్టడం బాగుండదు. వేరే చోట గుంజలు పాతుదామని నేనూ ఇద్దరు ఖలాసీలూ ఒక పూటంతా గునపాలతో పొడిచాం. మూరెడు లోతులోనే రాయి. ఎలాగో నిలబెట్టిన గుంజల మధ్య వల కట్టి ముందు నేను పడుకున్నాను. గుంజ, వల, నేను కలిసి నేలమీదికి వచ్చేశాం. అమ్మ డేరా గుమ్మంలోంచి, "పరీక్ష అయ్యిందా?" అని అడిగింది.

కాబట్టి పనస చెట్లే. తల ఎటు అన్న ప్రశ్నే మాకు రాలేదు. ఉత్తరానికి తలపెట్టి మా ఇంట్లో ఎవరూ పడుకోరు. మంచం వేసేటప్పుడు, చాప పరిచేటప్పుడు చెయ్యి దానంతటదే తిరుగుతుంది. దక్షిణపు చెట్టు వైపు దిండు పెట్టాం. వల మా ఆవిడకి నచ్చింది. ఇరుకు లేదు, మొహం మీదకి ఏదీ రాదు, చుట్టూ గాలి. వాలు కావలసినట్టు తాడు ఎత్తుకోవచ్చు. రెండు రోజులు ఆమె మొహం తేటపడింది.

మూడోనాడు చిన్న జల్లు పడి కట్టెలు తడిశాయి. సాయంత్రం వంటపాకలో పొయ్యి రాజేసేసరికి పొగ పైకి లేవకుండా పనస చెట్టు కిందకి పాకి, అక్కడే నిలబడిపోయింది. ఆమె తల సరిగ్గా అక్కడే. మేము వెళ్ళేసరికి వల అంచులు రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది. మాట రావడం లేదు. అమ్మ వెనక నిలబడి వీపు రాస్తూ ఉండిపోయింది. అది తగ్గేసరికి దీపాలు పెట్టారు.

వంటవాడు పార్వతీపురం వైపు మనిషి. పొయ్యి ఇంకో చోటికి మార్చమని అడిగాను.

"ఎక్కడికి తీసుకుపోను బాబూ? నీల్లు ఇక్కడ, పొయ్యి అక్కడ అంటే అయ్యగారి కాఫీ ఎప్పటికి అవుద్ది? ఎండుకట్టెతో ముట్టిస్తాను, నాకు సేతనైంది అదే" అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. కానీ పొగ పూర్తిగా పోలేదు.

నేను దిండు తీసి రెండో వైపు పెట్టాను. ఉత్తరపు చెట్టు దగ్గర గాలి శుభ్రంగా ఉంది.

"అది తియ్యి" అంది అమ్మ.

"అమ్మా, ఇది చెట్టుకి కట్టిన వల. మంచం కాదు."

"ఎందులో పడుకున్నా తల తలే. ఉత్తరానికి తలపెట్టి పడుకున్న ఏనుగుకి ఏటైందో మర్సిపోనావా? పుస్తకాలన్నీ సదివేవు, అది సదవలేదా?"

"మరి పొగలో పడుకోమంటావా?"

"నానేటీ అనను. నా అన్న కూతుర్ని నా సేత్తో ఉత్తరానికి పడుకోబెట్టను, అంతే."

నాకు కోపం వచ్చింది, కానీ మా ఆవిడే నా చేతిలోంచి దిండు తీసుకుంది. "అత్త వద్దంటే వద్దండి. నాకూ భయవే" అంది. శివరాత్రి పదిరోజుల్లోకి వచ్చేసింది. ఆ రాత్రి ఆమె డేరాలో బియ్యం బస్తాకి ఆనుకుని కూర్చునే పడుకుంది.

నాకు ఆ నమ్మకం ఉందా లేదా అని కుర్రాళ్ళు అడగవచ్చు. ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను. నేను చదివిన పుస్తకాల్లో ఒకటి నవ్వింది, ఒకటి అయస్కాంతం అంటూ ఏదో సమర్థించింది. ఆ రెండో పుస్తకంలో సగం పేజీలు చెదలు తినేశాయి. కానీ ఒక మనిషి భయపడుతూ పడుకుంటే ఊపిరి తేలిగ్గా ఆడదు. అది మాత్రం కళ్ళతో చూశాను. అమ్మని వాదించి గెలిచి దిండు అటు పెట్టినా లాభం లేదు. ఆ దిండు మీద తల పెట్టవలసింది నేను కాదు కదా.

మర్నాడు భోజనాలయ్యాక, పొయ్యి చల్లారిన వేళ, మా ఆవిడ వలలో పడుకుంది. తల దక్షిణానికే. నేను గట్టుమీద కాగితాలు చూసుకుంటున్నాను. పొగ వాసన ఇంకా ఉందేమో, ఆమె తలని చెట్టుకి దూరంగా ఒక పక్కకి జరుపుకుంది, కాళ్ళు రెండో పక్కకి పోయాయి. జరుగుతూ జరుగుతూ వలకి అడ్డంగా, మూలనుంచి మూలకి వచ్చింది. అప్పటిదాకా అరటిపండులా ఉన్న ఒళ్ళు చాపమీద పడుకున్నట్టు సాఫీ అయిపోయింది. తలవైపు మాత్రం కొంచెం ఎత్తు. గడ్డం గుండెల మీంచి లేచింది. "ఇదేటండి, ఇలా పడుకుంటే వీపు కింద పీట వేసినట్టుంది" అంది, కళ్ళు మూసుకునే.

అట్టలు ఊడిన ఆ సంపుటంలో నేను దాటేసిన వాక్యం అప్పుడు నాకు అర్థమైంది. వెడల్పు అందుకే. కేన్వాసులో ఏటవాలుగా పడుకోవడానికి చోటే లేదు. చీరలో చోటున్నా అది సాగి మనిషిని మళ్ళీ గుంటలోకి లాగేస్తుంది. వల కన్నూ కన్నూ పక్కకి జరిగి ఒంటికి కావలసిన చోట దారి ఇస్తుంది. ఎంతోసేపు ఆమెనే చూస్తూ కూర్చున్నాను. అప్పుడే ఇంకో సంగతి తట్టింది. వల ఉత్తర దక్షిణాలుగా ఉంది. ఆమె మాత్రం అలా లేదు.

లేచి మా సర్వేయరుగారి డేరాకి వెళ్ళి దిక్సూచి అడిగాను. ఆయన దాన్ని ఇత్తడి పెట్టెలో పసిపాపలా దాచుకునేవాడు. "పడుకోడానికి దిక్సూచి అడిగిన మొదటి గుమస్తావి నువ్వే" అంటూనే ఇచ్చాడు.

దిండు ఉత్తరపు చెట్టు వైపు మార్చి, ఆమెని తల ఎడమకి, కాళ్ళు కుడికి పెట్టి ఏటవాలుగా పడుకోమన్నాను. అమ్మని పిలిచాను. దిండు చూడగానే ఆవిడ నోరు తెరిచింది.

"తిట్టేముందు ఇది చూడు" అన్నాను.

అమ్మ పెట్టె చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. "పెట్టె తిప్పినా ముల్లు తిరగదేటి?"

"తిరగదమ్మా. ఎప్పుడూ ఉత్తరమే చూపిస్తుంది."

"నీకంటే నయవే."

పెట్టెని వల పక్కన పట్టుకోమని దగ్గరికి రమ్మన్నాను. వచ్చి పెట్టెని నడుముకి ఆనించి పట్టుకునేసరికి ముల్లు గిరుక్కున ఆవిడ వైపు తిరిగింది. అమ్మ పెట్టె నా చేతిలో పెట్టేసి రెండడుగులు వెనక్కి వేసింది. "ఇది నన్నెందుకు సూస్తోంది?"

నా ప్రాణం పోయినంత పనైంది. ఆవిడ నడుముకి ఇనప తాళాల గుత్తి ఉంది. ఇనుముని చూసి తిరిగిందని, గుత్తి తీసేస్తే సర్దుకుంటుందని చెప్పాను. ఆ గుత్తిని ఆవిడ ఎవరికీ ఇవ్వదు. కాసేపు నా మొహం చూసి, తీసి, పోయి డేరాలో పెట్టి, ఉత్తచేతులతో తిరిగి వచ్చింది. ముల్లు నిలకడగా ఉత్తరం చూపించింది. మా ఆవిడ తల దానికి బాగా తూర్పు పక్కగా ఉంది.

"అయితే ఇదేం దిక్కు?" అంది అమ్మ.

"ఈశాన్యం. కొలిచి చూపిస్తాను కావాలంటే."

"కొలవక్కర్లేదు. కళ్ళున్నాయి." పెట్టెలోకి, కోడలి మొహంలోకి, మళ్ళీ పెట్టెలోకి చూసింది. "ఈశాన్యం దేవుడి మూల. దేవుడి మూలకి తలపెడితే తప్పు లేదు. అమ్మీ, నీకు సమ్మతవేనా?"

"నువ్వు సెప్పేక ఇంకేటత్తా" అంది మా ఆవిడ.

ఆవిడ అంతటితో వదల్లేదు. నిద్రలో పిల్ల తిన్నగా జరిగితే మళ్ళీ ఉత్తరమే కదా అంది. ఎర్ర గుడ్డ పీలికలు రెండు చింపి, వల అంచుకి తల ఉండవలసిన చోట ఒకటి, కాళ్ళు ఉండవలసిన చోట ఒకటి కట్టింది. పడుకునేముందు మా ఆవిడ ఆ పీలికలు చూసుకుని సర్దుకునేది. దిక్కు కోసం కట్టిన ఆ పీలికలు ఆమెని రోజూ సరిగ్గా వీపు చదునుగా ఉండే చోటే పడుకోబెట్టేవి.

ఇంక చలి ఒకటి మిగిలింది. వలలోంచి కిందనుంచి కొట్టే గాలికి ఒళ్ళు గడ్డకడుతుంది. బొంత కింద పరిస్తే ఒంటిబరువుకి అది అప్పడంలా నలిగిపోయి వెచ్చదనం ఇవ్వలేదు. కదలని గాలే వేడిని పట్టి ఉంచుతుందని ఎక్కడో చదివాను. బొంతని వల లోపల కాకుండా వల కింద, కొంచెం ఎడంగా, నాలుగు మూలలా తాళ్ళతో వేలాడదీశాను. ఈసారి ఎవరూ నన్ను పరీక్ష అయ్యిందా అని అడగలేదు.

శివరాత్రి వెళ్ళాక మావయ్య వచ్చాడు. టికిరి దాకా లారీలో వచ్చి మిగిలిన దారి నడిచాడు. చేతిలో ఖాళీ ట్రంకు పెట్టె, కూతురి బట్టలకి. వస్తూనే చెట్ల మధ్య వల, ఉత్తరం వైపు దిండు చూశాడు.

"ఏటమ్మీ ఇది?" అన్నాడు చెల్లెలితో. "ఉత్తరానికి తలా? ఈళ్ళకి తెలీదు సరే, నీకు ఏటయ్యింది?"

"ఉత్తరం అని నీకెవరు సెప్పేరు?" అని అమ్మ తాళాల గుత్తి తీసి నా చేతికిచ్చి, దిక్సూచి కోసం సర్వేయరుగారి డేరాకి తనే వెళ్ళింది. తెచ్చి అన్నగారికి మొదటినుంచీ చెప్పింది. పెట్టె తిప్పితే ముల్లు తిరగదని, ఇనుము ఉంటే తప్పు చూపిస్తుందని, పీలికలు ఎందుకో. నేను చెప్పినదానికంటే బాగా చెప్పింది.

మావయ్య అంతా విన్నాడు. "నాకీ ముల్లు తెలీదు. పిల్ల పడుకుంటే సూస్తాను" అన్నాడు.

భోజనాలయ్యాక ఆమె పడుకుంది. ఆయన ట్రంకు పెట్టె బోర్లించుకుని పక్కనే కూర్చున్నాడు. తల కొంచెం ముందుకి వంచి, ఆమె ఊపిరి వింటూ. వంటపాకలో చప్పుడు చెయ్యొద్దని వంటవాడికి అమ్మ సైగ చేసింది. ఎండ జరిగి ఆయన మీద పడినా ఆయన జరగలేదు. ఆమె లేచి, "నాన్నా, ఎంతసేపైంది?" అని అడిగే వరకు అక్కడే ఉన్నాడు.

తర్వాత, "నేనూ ఓసారి సూస్తాను" అన్నాడు.

"పీలిక దగ్గర తల పెట్టు అన్నయ్యా" అంది అమ్మ.

పడుకున్నాడు. కొండ దారిలో నడిచిన మనిషి. పొద్దు వాలేదాకా లేవలేదు. కిందకి వెళ్ళే లారీ టికిరిలో వెళ్ళిపోయింది. మేమెవరమూ లేపలేదు. లేచాక కాసేపు కాళ్ళు కిందకి వేలాడేసుకుని కూర్చుని, "ఇది కట్టింది ఎవరు?" అన్నాడు. ముగ్గురం ఒకళ్ళనొకళ్ళం చూపించుకున్నాం. మర్నాడు పొద్దున్న ఒక్కడే బయల్దేరాడు. ట్రంకు పెట్టె మాకే వదిలేసి, "బొంతలు దాసుకోండి, ఎలకలుంటాయి" అని చెప్పాడు.

ఉబ్బసం పోయిందని నేను రాయను. పోలేదు. ఉయ్యాల మందు కాదు. చలి ముదిరిన రోజుల్లో ఇప్పటికీ వస్తుంది, డాక్టరుకి చూపించుకుంటూనే ఉన్నాం. కానీ పడుకోగలిగిన మనిషికి మర్నాడు దాన్ని తట్టుకునే ఓపిక ఉంటుంది. ఆమె కొండమీదే ఉండిపోయింది. ఆ తర్వాత ఎన్ని క్యాంపులు తిరిగామో, అన్నిచోట్లా అదే కొలతతో వల. పాతది చివికితే కొత్తది. ఇప్పుడు రాయగడ ఇంటి వరండాలో ఉన్నది ఎన్నోదో మాకే గుర్తులేదు.

కుర్రాళ్ళకి నా జవాబు ఇది. ఒక్కడివే అయితే, ఆరోగ్యంగా ఉంటే, రాత్రి పుస్తకం చదువుకునే అలవాటుంటే కేన్వాసు కొనుక్కో, తప్పులేదు. నా చేత ఒకటే ఎంచుకోమంటే జనపనార వలే ఎంచుకుంటాను. బారన్నర వెడల్పు తగ్గకూడదు, ఎందుకంటే ఏటవాలుగా పడుకుంటేనే వీపు చదునౌతుంది. కన్ను మోచేతికంటే చిన్నది. బొంత కిందే, లోపల కాదు. పొయ్యికి దూరం. ఇవి లెక్కకి వచ్చే కారణాలు. లెక్కకి రానిది ఒకటుంది. కేన్వాసు నా కోసం నేను ఎంచుకున్నది. వలని ముగ్గురం పోట్లాడుకుని ఎంచుకున్నాం. ముగ్గురికీ సమ్మతమైన పడక ఆ ఇంట్లో అదొక్కటే.

పేర్లు పెట్టి కృతజ్ఞతలు చెప్పడం పుస్తకాల్లో చూశాను. మా ఇంట్లో ఆడవాళ్ళ పేర్లు కాగితం మీదకి ఎక్కించడం వాళ్ళకి ఇష్టం లేదు కనుక అందరినీ వరసలతోనే తలుచుకుంటాను. చెదపట్టిన పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళనిచ్చిన మా గ్రంథాలయం పెద్దాయనకి. నా చెయ్యి చూసి కన్ను కొలిచిన నాగావళి ఒడ్డు పెద్దాయనకి. దిక్సూచి ఇచ్చి, అది రెండుసార్లు తిరిగి వచ్చేదాకా డేరా గుమ్మంలో నిలబడిన సర్వేయరుగారికి. ఎండుకట్టెలు విడిగా దాచిన వంటవాడికి. ఒక్కడే దిగి వెళ్ళిన మావయ్యకి. తన పట్టు విడవకుండానే కోడలికి చోటు చేసిన మా అమ్మకి. చివరగా మా ఆవిడకి. ఇదంతా ఆమెకి చదివి వినిపించాను. తన జబ్బు గురించి ఎక్కువ రాశానని రెండు చోట్ల కొట్టేయించింది. మిగతాది ఉంచమంది.